ఎక్స్‌రేనా? కుక్కకా?

"హిప్ ఎక్స్‌రే ఉందా అండీ?" అని అడిగాను.

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత నవ్వు. మర్యాదకు ఆపుకుందామని చూసి ఓడిపోయిన నవ్వు.

"ఎక్స్‌రేనా సార్? కుక్కకా? పిల్ల ఎగిరి దూకుతోంది కదా సార్. వీడియో పెట్టాను, చూళ్లేదా?"

"పిల్లకి కాదండీ. తల్లికీ తండ్రికీ."

ఈసారి నవ్వు లేదు. నాకేదో తేడా చేసిందన్న అనుమానం మాత్రం గొంతులో వినబడింది. "తండ్రి ఛాంపియన్ సార్. ఇంపోర్టెడ్ లైను. హెవీ బోన్. పేపర్లున్నాయి. ఇంకేం కావాలి?"

నిజమే. ఇంకేం కావాలి?

మా బావమరిది కూతురికి పుట్టినరోజు కానుకగా లాబ్రడార్ పిల్ల కావాలి. ఇంట్లో అందరికంటే నాలుగు ముక్కలు ఎక్కువ చదివినవాణ్నని బేరం నాకప్పగించారు. పిల్ల వయసు ముప్పై రోజులు. ధర నలభై వేలు. అడ్వాన్సు ఇప్పుడే ఫోన్‌పే కొట్టాలి, లేదంటే సాయంత్రానికి వెళ్లిపోతుంది. సాయంత్రానికి వెళ్లిపోని కుక్కపిల్ల ఈ దేశంలో ఇంతవరకూ పుట్టలేదు.

అసలు మనం ఎవరం? రెండొందల గజాల స్థలం కొనాలంటే ముప్పై ఏళ్ల ఈసీ తీయించే జాతి మనది. లింకు డాక్యుమెంట్లు చూస్తాం. లాయరు ఒపీనియన్ తీసుకుంటాం. పిల్లకి సంబంధం చూడాలంటే అబ్బాయి జీతం స్లిప్పు నుంచి వాళ్ల మేనమామ ఫిట్స్ దాకా ఊళ్లో నలుగుర్ని వాకబు చేస్తాం. వంకాయని నాలుగు వైపులా తిప్పి పుచ్చుందేమో చూస్తాం. ఇరవై రూపాయల కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాం. మా బావమరిది వాళ్ల తాత సంతలో ఒంగోలు గిత్తను కొన్న వైనం ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పళ్లు చూశాడట. సుడులు లెక్కపెట్టాడట. గిట్టలెత్తి తడిమాడట. నాలుగు బారలు నడిపించి నడక చూశాడట. తల్లి ఎవరింటిది, తండ్రి ఏ ఊరి ఆబోతు అని అడిగి, ఆ ఊరివాడొకణ్ని వెతికి మరీ రూఢి చేసుకున్నాడట. అప్పటికిగానీ పంచె మడతలోంచి నోటు బయటికి రాలేదట.

ఆయన మనవడు గచ్చిబౌలిలో పదమూడో అంతస్తులో కూర్చుని ఇరవై సెకన్ల వీడియో చూసి నలభై వేలు పంపడానికి సిద్ధం. ఎందుకయ్యా అంటే, "కళ్లు చూడు బావా, ఎంత క్యూట్‌గా ఉన్నాయో!"

ఆ కళ్లకి నాలుగేళ్ల తర్వాత చూపుంటుందా? అడగడు. పీఆర్‌ఏ అని ఒక జబ్బుంది. లాబ్రడార్లలో, కాకర్ స్పానియల్స్‌లో తరతరాలుగా వస్తుంది. కంటిలోపలి తెర మెల్లమెల్లగా చచ్చిపోతుంది. ముందు చీకట్లో కనబడదు. తర్వాత వెలుతురులోనూ కనబడదు. అప్పటికి క్యూట్ కళ్ల వీడియో గ్యాలరీలో ఎక్కడో అడుగున పడి ఉంటుంది. తల్లిదండ్రుల బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపితే, ఈ జన్యువు ఉందో లేదో ముందే తెలుస్తుంది. జన్మకొక్కసారి చేసే పరీక్ష. ఇంజక్షన్ లేదు, కోత లేదు, నొప్పి లేదు. చేయించారా? ఎందుకు చేయిస్తారు? ఎవడైనా అడిగితే కదా!

ఇక "పేపర్లు". ఈ ఒక్క మాటతో ఎంత వ్యాపారం నడుస్తోందో! పేపర్లున్న పిల్లకి ఒక రేటు, లేని పిల్లకి ఒక రేటు. పేపరంటే ఏమిటి? కెన్నెల్ క్లబ్ ఇచ్చే వంశవృక్షం. అయ్య పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ఆ పేర్లు కూడా మామూలుగా ఉండవు, సంస్థానాధీశుల బిరుదుల్లా బారెడుంటాయి. అంతే. తాత తుంటి ఎలా ఉందో అందులో ఉండదు. అమ్మ గుండె ఎలా కొట్టుకుంటోందో ఉండదు. కుక్క ఫలానా జాతిదని క్లబ్బు చెప్పింది, ఆరోగ్యంగా ఉంటుందని చెప్పలేదు. చెప్పిందని బ్రీడర్ అంటాడు. కాదని క్లబ్బేమీ గొంతు చించుకోదు. రేషన్ కార్డు చూపించి బీపీ నార్మల్ అంటే ఒప్పుకుంటామా? ఇక్కడ ఒప్పుకుంటున్నాం. పైగా ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తున్నాం.

ఇంకో కాగితం టీకా కార్డు. దాని మీద పంజా గుర్తులు, గుండె బొమ్మలు ముద్దుముద్దుగా ఉంటాయి. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల్సిన చోట ఏముందో ఒక్కసారి పైకెత్తి చూడండి.

"పిల్ల ఎగిరి దూకుతోంది" అన్నాడు కదా. అబద్ధం కాదు. ముప్పై రోజుల పిల్ల ఎగిరి దూకుతుంది. కిటుకంతా అక్కడే ఉంది. తుంటి కీలు అంటే గిన్నెలో బంతి లాంటిది. హిప్ డిస్‌ప్లేసియా ఉన్న కుక్కలో గిన్నెకి లోతు చాలదు, బంతి వదులుగా ఆడుతుంది. లాబ్రడార్, గోల్డెన్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ ఇళ్లలో ఇది చుట్టంలా పాతుకుపోయింది. పుట్టిన నెలకి ఏ డాక్టరు పట్టుకు చూసినా తేలదు. ఆరో నెలకో, ఎనిమిదో నెలకో బయటపడుతుంది. వెనక్కాళ్లు విడివిడిగా వెయ్యలేక రెండూ కలిపి కుందేల్లా గెంతుతుంది. లేవడానికి తటపటాయిస్తుంది. మెట్ల దగ్గర ఆగిపోయి మన మొహంలోకి చూస్తుంది. బద్ధకం అంటాం మనం. పెరుగన్నం ఇంకో ముద్ద పెడతాం. ఒళ్లు పెరుగుతుంది, తుంటి ఇంకాస్త అరుగుతుంది.

అందుకే పిల్లని కాదు, దాన్ని కన్నవాళ్లని చూడాలి. అమెరికాలో ఓఎఫ్‌ఏ అనే సంస్థ 1966 నుంచి ఇదే పని చేస్తోంది. కుక్కకి 24 నెలలు నిండితే తప్ప తుంటికి తుది గ్రేడు ఇవ్వదు. బ్రిటన్‌లో ఏడాది నిండాక ఎక్స్‌రే తీసి, ఒక్కో తుంటికి 0 నుంచి 53 దాకా మార్కులేస్తారు. రెండూ కలిపి 106. ఇక్కడ సున్నా వచ్చినవాడే ఫస్టు ర్యాంకు. మన దగ్గరా గ్రేడింగ్ ఉంది. ఒకటే గ్రేడు. "టాప్ క్వాలిటీ సార్!"

పోనీ ఎక్స్‌రే మనకు అందని మానిపండా? రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. తిరుపతిలో ఉంది. గన్నవరంలో ఉంది. ఊరూరా ప్రైవేటు పెట్ క్లినిక్కులు ఉన్నాయి, కొన్నిటికి కార్పొరేట్ ఆసుపత్రులకి లేనంత ఏసీ ఉంది. మిషను ఉంది. డాక్టరు ఉన్నాడు. లేనిది ఒక్కటే. తీయించాలన్న బుద్ధి. తల్లిదండ్రుల ఎక్స్‌రే బాగుంటే పిల్లకి ఎప్పటికీ ఏమీ రాదని కాదు. తిండి, బరువు, పెంపకం కూడా లెక్కలోకొస్తాయి. కానీ గింజ పుచ్చా కాదా అని చూడకుండా చల్లేవాణ్ని రైతంటామా?

లాబ్రడార్లలోనే ఇంకో వింత ఉంది. ఈఐసీ. కుక్క బంతి వెంట పది నిమిషాలు ఉత్సాహంగా పరిగెడుతుంది. ఉన్నట్టుండి వెనక్కాళ్లు తూలతాయి. కూలబడిపోతుంది. చాలాసార్లు కాసేపటికి లేస్తుంది. ఒక్కోసారి లేవదు. ఒక జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే ఈ జబ్బు. ఒక వైపే ఉన్న కుక్క చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. అలాంటివి రెండు జత కలిస్తే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. బుగ్గ లోపల తుడిచే దూదిపుల్ల తేల్చేస్తుంది దీన్ని కూడా.

మేనరికాలు వద్దని డాక్టర్లు చెప్పగా చెప్పగా మనకే ఇప్పుడిప్పుడు బుర్రకెక్కుతోంది. కుక్కల్లో ఏకంగా తండ్రినీ కూతుర్నీ కలుపుతారు. దానికి పేరు "లైన్ బ్రీడింగ్". గొప్పగా చెప్పుకుంటారు కూడా! బ్రిటన్‌లో 2008లో బీబీసీ ఒక డాక్యుమెంటరీ వేసి ఈ గుట్టంతా బయటపెట్టింది. దేశం మొత్తం ఛీ కొట్టింది. మరుసటి ఏడాదే అక్కడి కెన్నెల్ క్లబ్ తండ్రీకూతుళ్లకు, తల్లీకొడుకులకు, తోడబుట్టినవాటికి పుట్టిన పిల్లల్ని రిజిస్టర్ చెయ్యనంది. అంతవరకూ చేస్తూనే ఉంది మరి. దొరలది మాత్రం తక్కువ పాపమా?

పగ్ సంగతి వేరే చెప్పాలి. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన వచ్చింది. పిల్లవాడి వెనకాలే పగ్. నెట్‌వర్క్ మన వెంట వచ్చిందో లేదో గానీ, పగ్ మాత్రం ప్రతి అపార్ట్‌మెంటుకీ వచ్చేసింది. మన బ్రీడర్ల భాషలో "పంచ్ ఫేస్" అనే మాట ఉంది. గుద్దితే లోపలికి పోయినట్టున్న మొహం అని. మూతి ఎంత నొక్కుకుపోతే రేటు అంత ఎక్కువ. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పితేనే ఒంట్లో వేడి దిగుతుంది. ముక్కు రంధ్రాలు సన్నగా, గొంతులో కండ అడ్డంగా ఉన్న జీవి ఎలా రొప్పుతుంది? మే నెలలో హైదరాబాద్ 42 డిగ్రీలు దాటుతుంది. సోఫా కింద అది గాలి కోసం పెనుగులాడుతుంటే మనం ఫోన్ తీసి, "గురక చూడండి ఎంత ముద్దుగా పెడుతోందో" అని స్టేటస్ పెడతాం. నెదర్లాండ్స్‌లో మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కతో పిల్లల్ని పుట్టించకూడదు. కేంబ్రిడ్జ్‌లో తయారైన పరీక్ష ఒకటుంది. కుక్కని మూడు నిమిషాలు చకచకా నడిపించి, ముందూ వెనకా స్టెతస్కోప్ పెట్టి విని, ఊపిరికి 0 నుంచి 3 దాకా గ్రేడు వేస్తారు. మూడు నిమిషాలు! మన బ్రీడర్ ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెట్టినంత సేపు కూడా కాదు.

అన్నట్టు మన దేశంలో చట్టం లేదనుకుంటున్నారా? భేషుగ్గా ఉంది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. చదివితే కళ్లు చెమరుస్తాయి. ప్రతి బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి. ఆడకుక్కకి 18 నెలలు నిండనిదే జత కట్టించకూడదు. ఎనిమిదేళ్లు దాటాక కట్టించకూడదు. జీవితం మొత్తంలో ఐదు ఈతలే. వరసగా రెండు ఎదల్లో చూలు చేయించకూడదు. జత కట్టించేముందు ఆరోగ్యంగా ఉందని డాక్టరు రాసివ్వాలి. మైక్రోచిప్ వెయ్యాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఎంత చక్కగా రాశారు! ఎవరు రాశారో గానీ ఆయన ఇంట్లో తప్పకుండా కుక్క ఉండుంటుంది.

నాకు అమ్మజూపిన పిల్లకి ఎన్ని వారాలు? నాలుగు దాటి రెండు రోజులు.

ఈ నిబంధన మీరితే శిక్షేమిటి? వీటికి తల్లి చట్టం 1960 నాటిది. దాని కింద చేసిన నిబంధనల్ని మీరితే జరిమానా వంద రూపాయల వరకూ. లేదా మూడు నెలల వరకూ జైలు. లేదా రెండూ. ఇక జంతువుని సాక్షాత్తూ హింసించి మొదటిసారి దొరికితే పది రూపాయల నుంచి యాభై రూపాయలు. సరిగ్గానే చదివారు. యాభై. దాంతో ఇరానీ హోటల్లో ఇద్దరు కడుపునిండా టీ తాగలేరు. నలభై వేల పిల్లల్ని ఈతకి ఎనిమిది అమ్మేవాడికి వంద రూపాయలు జరిమానానా, టిప్పా?

మన జిల్లాలో రిజిస్టరైన బ్రీడర్లు ఎందరు? జాబితా ఎక్కడ దొరుకుతుంది? నేను అడిగాను. మొదటి ఆఫీసు రెండో ఆఫీసుకి పంపింది. రెండో ఆఫీసు మూడో ఆఫీసు నంబరిచ్చింది. మూడో ఆఫీసులో ఒకాయన చాలా మర్యాదగా, ఓపిగ్గా విని, మొదటి ఆఫీసుని అడగమన్నాడు. పోనీలెండి, కుక్క కూడా పడుకునేముందు మూడు చుట్లు తిరుగుతుంది.

అయితే బ్రీడర్ని తిట్టి చేతులు దులుపుకుందామంటే కుదరదు. వాడు కొట్టు పెట్టాడు. సరుకు అడుగుతున్నది ఎవరు? "ఎనిమిది వారాలా? మరీ పెద్దదైపోతుంది కదా, చిన్నదే కావాలి, మనకి అలవాటు పడుతుంది" అంటున్నది ఎవరు? తల్లి పాలు తాగుతూ, తోబుట్టువుల్ని కొరికి కొరికించుకుంటూ కుక్కలా బతకడం నేర్చుకోవాల్సిన వయసులో లాక్కొచ్చి, మూడు నెలలయ్యాక "ఇదేంటి, అందర్నీ కరుస్తోంది" అంటున్నది ఎవరు? డాలస్‌లో ఉన్న మా మరో బావమరిది అక్కడ గోల్డెన్ పిల్లని కొనేముందు ఓఎఫ్‌ఏ వెబ్‌సైట్‌లో తల్లిదండ్రుల పేర్లు కొట్టి తుంటి, మోచెయ్యి, గుండె, కళ్లు నాలుగూ చూసుకున్నాడు. నెల ముందు నుంచీ బ్రీడర్‌తో ఇంటర్వ్యూలు. ఆవిడే వీణ్ని ఇంటర్వ్యూ చేసిందట! ఆ మహానుభావుడే విజయవాడలో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకి తోడుగా ఉంటుందని వాట్సాప్‌లో ఫోటో చూసి హస్కీని పంపించాడు. మంచులో బండి లాగే కుక్క. బెజవాడలో. రోహిణి కార్తెలో. ఓఎఫ్‌ఏ ఏమైంది నాయనా అంటే, "ఇండియాలో అవన్నీ ఎక్కడ కుదురుతాయి బావా!"

"మా ఇంట్లో మనిషే" అంటాం. కేకు కోస్తాం. ఆధార్ కార్డు ఒక్కటి తీయించలేదు గానీ ఇంటి పేరు కూడా తగిలిస్తాం. తుంటి ఆపరేషన్‌కి లక్షల్లో అవుతుందని డాక్టరు చెప్పిన రోజున మాత్రం ఇంట్లో మనిషి ఒక్కసారిగా కుక్కయిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మెడలో ఖరీదైన బెల్టుతో, వెనక్కాళ్లు ఈడ్చుకుంటూ, ఆగిన ప్రతి కారు దగ్గరికీ తోక ఊపుకుంటూ పోయే జాతికుక్కల్ని మీరెప్పుడూ చూడలేదా?

సరే, బేరం దగ్గరికి వద్దాం. తల్లిని చూడాలన్నాను. ఇంగ్లండులో లూసీ అనే చిన్న కుక్క ఉండేది. కవలియర్ జాతి. వేల్స్‌లో ఒక పిల్లల ఫ్యాక్టరీలో బోనులోనే ఈత మీద ఈత కని, నడుం వంకరపోయి, 2013లో బయటపడింది. మూడేళ్లకి పోయింది. దాని పేరుతో 2020లో ఇంగ్లండులో చట్టం వచ్చింది. మధ్యవర్తులు, పెట్ షాపులు పిల్లల్ని అమ్మకూడదు. కన్నచోటే, కన్నతల్లి పక్కనే చూసి కొనాలి. ఈ కథంతా ఫోన్లో చెప్పలేదు లెండి. "తల్లిని చూపించండి" అన్నాను, అంతే.

"తల్లి ఊళ్లో లేదు సార్."

కుక్క ఊళ్లో లేదట. పెళ్లికెళ్లిందేమో!

పట్టు వదలక ఆదివారం నగర శివార్లలో ఉన్న ఆ షెడ్డుకి వెళ్లాను. ముందు గదిలో టైల్సు, ట్రోఫీలు, దండేసిన దేవుడి ఫోటో, శాంబ్రాణి. వెనక రేకుల షెడ్డు. నన్ను వెనక్కి రానివ్వలేదు, "ఇన్ఫెక్షన్ వస్తుంది సార్" అన్నాడు. శుభ్రత మీద అంత శ్రద్ధ ఉన్నందుకు సంతోషించాలి. తలుపు సందులోంచి ఒక్క క్షణం కనబడింది. ఊళ్లోనే ఉంది. పసుపు రంగు లాబ్రడార్. ఎడమ చెవి కొస చీలి ఉంది. పొట్ట కింద పాలతో వేలాడుతున్న చర్మం, మోచేతుల దగ్గర సిమెంటు రాపిడికి కాయలు కాసిన నలుపు. వయసెంత అని అడిగాను. మూడేళ్లన్నాడు. ఎన్నో ఈత? రెండోదన్నాడు. మూతి నిండా ఉన్న తెల్ల వెంట్రుకలు మరోలా చెప్పాయి.

బయటికొచ్చి బావమరిదికి ఫోన్ చేశాను. "వద్దురా, ఇంకోచోట చూద్దాం. ఓ రెండు నెలలు ఆగుదాం" అన్నాను.

"అయ్యో బావా, పొద్దునే ఫోన్‌పే కొట్టేశాను. పాప ఏడుస్తోంది. పేరు కూడా పెట్టేసింది, బిస్కట్."

మర్నాడే వచ్చేసింది బిస్కట్. అట్టపెట్టెలో, పాత తువ్వాలు మీద. పాప దాన్ని కింద పెడితే ఒట్టు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. మొన్న ఆదివారం బ్రీడర్ స్టేటస్ పెట్టాడు. "న్యూ లిట్టర్! సెవెన్ పప్పీస్! టాప్ క్వాలిటీ! బుకింగ్స్ ఓపెన్." ఎవరో కొనేవాళ్లు పట్టుబట్టారేమో, ఈసారి తల్లి ఫోటో కూడా పెట్టాడు. పసుపు రంగు లాబ్రడార్. ఎడమ చెవి కొస చీలి ఉంది.

అదే రోజు సాయంత్రం మా మేనకోడలు రీలు పంపింది. అపార్ట్‌మెంటు మెట్ల మీద బిస్కట్. వెనక రెండు కాళ్లూ కలిపి ఒక్కో మెట్టూ గెంతుతోంది. వెనకాల పాట. "మావయ్యా, చూడు, మన బిస్కట్ కుందేలైపోయింది!" కింద ఎనభై మూడు లైకులు.

మొదటి లైకు బ్రీడర్‌ది.